ఏపీసీ కట్టకుండా ఓపెన్ యాక్సెస్: ఈ.కోలై పేపర్‌కి ఏ దారి మంచిది?

మైక్రో_తిరుపతి

నమస్కారం. తిరుపతిలో మైక్రోబయాలజీ పీహెచ్‌డీ, మూడో ఏడు. పేపర్ రాయడం పూర్తయింది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ రోగుల శాంపిళ్ల నుంచి వేరుచేసిన 112 ఈ.కోలై బ్యాక్టీరియా ఐసొలేట్లు (విడిగా పెంచిన నమూనాలు). అన్నిటికీ యాంటీబయాటిక్ ససెప్టిబిలిటీ (ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష, ఏఎస్‌టీ) చేశాం, 24 ఐసొలేట్లకు హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్ కూడా అయింది. నిధులు డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) ప్రాజెక్టువి. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగుల సమ్మతి పత్రాలు ఉన్నాయి.

మా గైడ్ మేడమ్ ఒకటే మాట మీద ఉన్నారు: ఈ ఫలితాలను ఇక్కడి పీహెచ్‌సీ డాక్టర్ ఫోన్లో తెరిచి చదవగలగాలి. మేం చూసుకున్న రెండు పత్రికల్లోనూ ఏపీసీ (పేపర్‌ని ఓపెన్‌గా వేయడానికి రచయిత కట్టే ఫీజు) రెండు వేల డాలర్లకు పైనే ఉంది, ప్రాజెక్టులో దానికి హెడ్ లేదు. వెయివర్ (ఫీజు మాఫీ) అడిగితే భారత్‌కు వర్తించదన్నారు. ఈలోగా ఇంకో పత్రిక నుంచి మెయిల్ వచ్చింది: 7 రోజుల్లో యాక్సెప్టెన్స్, ఫీజు 6,500 రూపాయలు, పబ్‌మెడ్ (వైద్య పేపర్ల వెతుకులాట సైట్) ఇండెక్స్‌డ్, యూజీసీ కేర్ (యూజీసీ ఒప్పుకున్న పత్రికల జాబితా) అప్రూవ్డ్.

నా ప్రశ్నలు: డబ్బు లేకుండా పేపర్‌ని ఓపెన్‌గా పెట్టే దారి ఏది? ముందే ప్రీప్రింట్ (పీర్ రివ్యూకి ముందటి కాపీ) వేస్తే పత్రికలు ఒప్పుకుంటాయా? సీక్వెన్స్ డేటా, ఏఎస్‌టీ టేబుల్ ఎక్కడ పెట్టాలి? ఏ లైసెన్స్ ఎంచుకోవాలి?

లైబ్రరీ_కౌంటర్

ముందు ఆ మెయిల్ సంగతి తేల్చేద్దాం. అక్కడికి పేపర్ పంపకండి.

పబ్‌మెడ్ అన్న మాటని ఎన్‌ఎల్‌ఎం (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) కేటలాగ్‌లో పరీక్షించండి. పత్రిక పేరు గాని, ఐఎస్ఎస్ఎన్ గాని కొడితే, అది ప్రస్తుతం మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో ఎంపిక చేసిన పత్రికల భాగం) ఇండెక్స్ అవుతోందో లేదో ఆ రికార్డులోనే రాసి ఉంటుంది. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బుతో చేసిన పేపర్ ఏ పత్రికలో పడినా దాన్ని పీఎంసీలో (పూర్తి పేపర్ల ఉచిత నిల్వ) పెడతారు, అక్కడి నుంచి అది పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. ఆ ఒక్క పేపర్‌ని చూపించి పత్రిక మొత్తం పబ్‌మెడ్‌లో ఉన్నట్టు చెప్పుకుంటారు. ఇక యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఆపేసింది. ఇప్పటికీ ఆ ముద్ర చూపించి పేపర్లు అడిగే పత్రికను నమ్మడానికి లేదు. 7 రోజులన్నది అన్నిటికంటే స్పష్టమైన గుర్తు, ఎందుకంటే ఇద్దరు రివ్యూయర్లు ఒప్పుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇలాంటి వ్యాపారం మీదే 2019లో అమెరికా కోర్టు హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక ప్రచురణ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. పీర్ రివ్యూ ఉందని అబద్ధం చెప్పడం, ఫీజు సంగతి ముందు దాచడం అందులో ముఖ్యమైన ఆరోపణలు.

పోయేది 6,500 రూపాయలే అనుకోవద్దు. ఒకసారి అక్కడ అచ్చయితే ఆ పేపర్‌ని ఇంకే మంచి పత్రికా తీసుకోదు, డూప్లికేట్ పబ్లికేషన్ కిందకి వస్తుంది. మూడేళ్ల పని అక్కడే ఇరుక్కుపోతుంది.

వెయివర్ ఎందుకు రాలేదంటే: ప్రపంచ బ్యాంకు లెక్కలో భారత్ దిగువ మధ్య ఆదాయ దేశమే అయినా, జీడీపీ 20,000 కోట్ల డాలర్లు దాటిన దేశాలను చాలా ప్రచురణ సంస్థలు ఆటోమేటిక్ వెయివర్ నుంచి తీసేస్తాయి. విడిగా పరిశీలించే వెయివర్ మాత్రం కొన్నిచోట్ల ఉంటుంది. దాన్ని సబ్మిట్ చేసేటప్పుడే అడగాలి. యాక్సెప్ట్ అయ్యాక అడిగితే చాలా చోట్ల ససేమిరా అంటారు.

ఇప్పుడు అసలు దారులు. మొదటిది, రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు తీసుకోని పత్రికలు, అంటే డైమండ్ పత్రికలు. డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ పత్రికల జాబితా) సైట్‌లో పత్రికల వెతుకులాటకు వెళ్లి, ఫీజు లేనివి అన్న ఫిల్టర్ పెట్టి, విషయంలో మైక్రోబయాలజీ ఎంచుకోండి. మీ పనికి దగ్గరగా ఉన్నవి చెప్పాలంటే ఐసీఎంఆర్ నడిపే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్, అమెరికా సీడీసీ తెచ్చే ఎమర్జింగ్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్, ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్. మన ఊళ్లోనే స్విమ్స్ తెచ్చే జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రీసెర్చ్ కూడా ఓపెన్ యాక్సెసే. దేనికైనా పంపేముందు ఆ రోజున ఆ పత్రిక సైట్‌లో ఫీజు పేజీ మళ్లీ చూడండి. ప్రచురణ సంస్థ మారినప్పుడు పత్రిక పద్ధతి కూడా మారిపోతుంటుంది.

ఇంకోటి: అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ 2025లో తన ఆరు చందా పత్రికలను సబ్‌స్క్రైబ్ టు ఓపెన్ పద్ధతికి మార్చింది. లైబ్రరీల చందాలు సరిపడా వస్తే ఆ ఏడాది పేపర్లన్నీ రచయితకు ఏపీసీ లేకుండా ఓపెన్ అవుతాయి. యాంటీమైక్రోబియల్ ఏజెంట్స్ అండ్ కీమోథెరపీ, జర్నల్ ఆఫ్ క్లినికల్ మైక్రోబయాలజీ రెండూ ఇందులో ఉన్నాయి. ఇది ఏ ఏడాదికి ఆ ఏడాది తేలే లెక్క కాబట్టి, మీ పేపర్ వచ్చే ఏడాది సంగతి చూసుకోవాలి.

రెండోది గ్రీన్ దారి. నా ఉద్దేశంలో మీకు ఇదే గట్టిది, ఎందుకంటే ఏ చందా పత్రికలో వేసినా ఇది నడుస్తుంది. మీరు రివిజన్లన్నీ చేసి, యాక్సెప్ట్ అయిన వర్డ్ ఫైల్ ఉంటుంది చూడండి, పత్రిక వాళ్లు పేజీలు కట్టకముందుది, దాన్నే యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అంటారు. దాన్ని రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ నిల్వ) పెట్టుకునే హక్కు చాలా పత్రికలు ఇస్తాయి. డీబీటీ, డీఎస్‌టీ (సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) 2014 డిసెంబరులో తెచ్చిన ఓపెన్ యాక్సెస్ విధానం ప్రకారం, వాళ్ల నిధులతో చేసిన పేపర్‌కి యాక్సెప్ట్ అయిన రెండు వారాల్లో ఈ ఫైల్‌ని రిపాజిటరీలో జమ చేయాలి. పత్రిక ఎంబార్గో (ఇన్ని నెలలు తెరవకూడదన్న గడువు) పెట్టినా జమ చేయడం ఆపకూడదు. పేరు, సారాంశం వెంటనే కనిపిస్తాయి, పూర్తి పాఠం మాత్రం గడువు తీరాక తెరుచుకుంటుంది. మీది డీబీటీ డబ్బే కాబట్టి ఇది మీ బాధ్యత కూడా. ఆ రెండు శాఖల కోసం సైన్స్ సెంట్రల్ రిపాజిటరీ ఉంది, మీ యూనివర్సిటీకి సొంతది ఉంటే అందులోనూ పెట్టండి.

పత్రిక ఎంచుకునే ముందే జిస్క్ వాళ్ల ఓపెన్ పాలసీ ఫైండర్‌లో దాని పేరు కొట్టి చూడండి. పాత పేరు షెర్పా రోమియో. సబ్మిటెడ్, యాక్సెప్టెడ్, పబ్లిష్డ్ అని మూడు వెర్షన్లకు విడివిడిగా నిబంధనలు చూపిస్తుంది: ఎన్ని నెలల ఎంబార్గో, ఎక్కడ పెట్టొచ్చు, ఏ లైసెన్స్ కింద. పెద్ద ప్రచురణ సంస్థల్లో 12 నెలల ఎంబార్గో మామూలు, కొన్నిచోట్ల 24 కూడా ఉంటుంది. ఏఎంఆర్ (బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడం) లాంటి విషయంలో రెండేళ్లంటే మందుల తీరే మారిపోతుంది, అలాంటి పత్రిక వద్దనే చెబుతాను.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు: యాక్సెప్ట్ మెయిల్ రాగానే పండగ చేసుకుంటారు, ఫైల్ సంగతి మర్చిపోతారు. ఆర్నెల్లకి అడిగితే చివరి వెర్షన్ ఏదో ఎవరికీ తెలీదు. ఒక కో-ఆథర్ ల్యాప్‌టాప్‌లో ట్రాక్ చేంజెస్‌తో ఒకటి, ఇంకొకరి మెయిల్లో ఫైనల్_ఫైనల్2 అని ఇంకొకటి. చివరికి పత్రిక వేసిన పీడీఎఫ్‌నే ఎక్కించేస్తారు, దానికి అనుమతి ఉండదు, తీసేయమని నోటీసు వస్తుంది. కాబట్టి మెయిల్ వచ్చిన రోజే మార్పులన్నీ యాక్సెప్ట్ చేసి, కామెంట్లు, లైన్ నంబర్లు తీసేసి, బొమ్మలు, టేబుళ్లు, సప్లిమెంట్ లోపలే చేర్చి పీడీఎఫ్ చేయండి. మొదటి పేజీలో పత్రిక పేరు, యాక్సెప్ట్ అయిన తేదీ, డీఓఐ (పేపర్ శాశ్వత నంబరు) వస్తే అది, ఇది యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అన్న వాక్యం రాయండి. గైడ్ దగ్గర ఒక కాపీ, మీ దగ్గర ఒకటి.

చిత్తూరు_ల్యాబ్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు మేడమ్. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (విద్యాసంస్థలకి కేంద్రమే పత్రికల చందా కట్టే పథకం) వచ్చింది కదా, ఇంక గ్రీన్ కాపీ ఎవరికి కావాలి అంటా ఉండారు మా కాలేజీలో. మాది ప్రైవేటు కాలేజీ, మాకైతే ఏ పత్రికా తెరుచుకోవడం లేదు.

లైబ్రరీ_కౌంటర్

మీ కాలేజీ పరిస్థితే దానికి జవాబు. ఆ పథకాన్ని 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025, 2026, 2027కి కలిపి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 పత్రికలు. అమలు చూసేది యూజీసీ కింద ఉండే ఇన్‌ఫ్లిబ్‌నెట్. అయితే అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు మాత్రమే. ప్రైవేటు కాలేజీ, ప్రైవేటు క్లినిక్, పీహెచ్‌సీ డాక్టర్ ఫోన్ దాని లెక్కలోకి రావు. బయటి దేశాల పాఠకులకూ దానితో సంబంధం లేదు. అంటే మన చందా కట్టుకుని మనం చదువుకోవడం. మన పేపర్‌ని అందరికీ తెరవడం అనేది వేరే పని.

మీకు చదవడానికి: బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. పేపర్ పేజీ తెరిస్తే పక్కన తాళం బొమ్మ వస్తుంది, పచ్చగా ఉంటే ఎక్కడో చట్టబద్ధమైన ఉచిత కాపీ ఉన్నట్టు, నొక్కితే అక్కడికే వెళ్తుంది. పబ్‌మెడ్‌లో ఎడమవైపు ఫ్రీ ఫుల్ టెక్స్ట్ ఫిల్టర్ ఉంది. పబ్‌మెడ్‌లో ఉండేవి సారాంశాలే, పూర్తి పాఠాలు ఉండేది పీఎంసీలో. యూరప్ పీఎంసీలో వెతికితే ప్రీప్రింట్లు కూడా వస్తాయి. థీసిస్‌ల కోసం శోధగంగ. ఇవేవీ లేకపోతే కరెస్పాండింగ్ ఆథర్‌కి రెండు లైన్ల మెయిల్ రాయండి, చాలామంది పంపిస్తారు.

ఎథిక్స్_ఫైల్

ప్రీప్రింట్ ప్రశ్నకి. వేయొచ్చు, లైఫ్ సైన్సెస్ పత్రికల్లో అత్యధికం ఒప్పుకుంటాయి. లైబ్రరీ_కౌంటర్ మేడమ్ చెప్పిన ఫైండర్‌లోనే సబ్మిటెడ్ వెర్షన్ అన్న చోట కనిపిస్తుంది.

ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. రోగుల వయసు, లింగం, ఏ మందు పనిచేయలేదు అన్న వివరాలు మీ పేపర్‌లో ప్రధానమైతే మెడ్‌ఆర్కైవ్, 2019లో మొదలైంది. 24 జీనోమ్‌ల విశ్లేషణే ప్రధానమైతే 2013 నుంచి నడుస్తున్న బయోఆర్కైవ్. మెడ్‌ఆర్కైవ్‌లో ఎథిక్స్ కమిటీ పేరు, దాని నిర్ణయం, సమ్మతి తీసుకున్న తీరు ఫారంలోనే అడుగుతారు, ఖాళీగా వదిలితే వెనక్కి వస్తుంది. కేస్ రిపోర్టులు అక్కడ తీసుకోరు. ఒకసారి ఎక్కాక తీసేయడం కుదరదు. ఉపసంహరించుకున్నట్టు నోటీసు పెట్టొచ్చు గాని పాత వెర్షన్ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే కో-ఆథర్లందరి దగ్గరా రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్నాకే నొక్కండి. రివ్యూ కాకముందే జిల్లా ఎడిషన్ల విలేకరులకి ఇవ్వకండి. "తిరుపతిలో మందులకు లొంగని బ్యాక్టీరియా" అని హెడ్డింగ్ పడితే భయపడేది మామూలు జనం.

డేటా తెరిచే ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. పేరు తీసేస్తే రోగిని గుర్తుపట్టలేరు అనుకోవడం తప్పు. టేబుల్‌లో ఒక వరస ఇలా ఉందనుకోండి: స్త్రీ, 34 ఏళ్లు, చంద్రగిరి మండలంలో ఫలానా ఊరు, శాంపిల్ తేదీ మార్చి 12, కిడ్నీ మార్పిడి జరిగిన రోగి. ఆ ఊళ్లో ఎవర్ని అడిగినా ఆమె ఎవరో చెప్పేస్తారు. ఊరు, మండలం తీసేసి జిల్లా మాత్రమే ఉంచండి. వయసు బదులు పదేళ్ల గుంపు రాయండి, 90 దాటినవాళ్లని ఒకే గుంపులో వేయండి. తేదీ బదులు నెల, ఏడాది చాలు. అరుదైన జబ్బుల కాలమ్‌ని బయటపెట్టకండి. ఇవన్నీ చేశాక, ఒకే రకం వివరాలున్న మనుషులు ఐదుగురికన్నా తక్కువ ఉన్న వరసలు ఏమున్నాయో లెక్కపెట్టి, వాటిని ఇంకా పెద్ద గుంపుల్లో కలపండి.

ఐసొలేట్ పేర్లు కూడా చూసుకోండి. చాలా ల్యాబుల్లో ఆస్పత్రి ఎంఆర్‌డీ (రోగి రికార్డు) నంబరే ఐసొలేట్ పేరైపోతుంది. జీన్‌బ్యాంక్‌లో (సీక్వెన్స్‌ల పబ్లిక్ డేటాబేస్) ఆ నంబరు శాశ్వతంగా ఉండిపోతుంది. కొత్త కోడ్లు ఇచ్చి, పాత కొత్త నంబర్లను కలిపే ఫైల్‌ని గైడ్ దగ్గర తాళం లోపల ఉంచండి.

సమ్మతి పత్రంలో గుర్తులు తీసేసిన డేటాని పబ్లిక్ డేటాబేస్‌లో పెడతామన్న వాక్యం ఉందా? లేకపోతే అప్‌లోడ్‌కి ముందే ఎథిక్స్ కమిటీకి రాసి అనుమతి తీసుకోండి. తర్వాత తీసుకునే అనుమతికి విలువ ఉండదు.

సీక్వెన్స్_ఏర్పేడు

డేటా ఎక్కించే పని నేను చెబుతా.

డీబీటీ నిధులు కాబట్టి ముందు ఫరీదాబాద్‌లోని ఐబీడీసీ చూడండి. 2022 నవంబరులో మొదలైన జాతీయ డేటా కేంద్రం, బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలు ప్రజల డబ్బుతో వచ్చిన జీవశాస్త్ర డేటాని అక్కడికి పంపమంటాయి. న్యూక్లియోటైడ్ డేటాకి అక్కడ ఇండా అని విభాగం ఉంది. పత్రిక ఎన్‌సీబీఐ (అమెరికా డేటా కేంద్రం) నంబర్లే కావాలంటే అక్కడి ఎస్‌ఆర్‌ఏలో (రా సీక్వెన్స్ ఫైళ్ల నిల్వ) వేయాలి. ఏది చేసినా మెటాడేటా పని ఒకటే, కాబట్టి ఎన్‌సీబీఐ లెక్కలో చెబుతాను.

వరస: ఒక బయోప్రాజెక్ట్ (మొత్తం పనికి రికార్డు), దాని కింద 24 బయోశాంపిళ్లు (ఐసొలేట్‌కి ఒకటి), ఒక్కో శాంపిల్‌కి ఎస్‌ఆర్‌ఏలో ఫాస్ట్‌క్యూ (రా రీడ్స్ ఫైళ్లు) జంట. బయోశాంపిల్ ప్యాకేజీ అడిగినప్పుడు క్లినికల్ పాథోజెన్ ఎంచుకోండి. హోస్ట్ హోమో సేపియన్స్, ఐసొలేషన్ సోర్స్ యూరిన్, ప్రాంతం దేశం పేరు, కోలన్, రాష్ట్రం. అక్షాంశ రేఖాంశాలు ఆస్పత్రివి ఇవ్వనక్కర్లేదు, తెలియనప్పుడు పెట్టే మాటలు ఏవో ఆ ఫారంలోనే ఉంటాయి. సేకరణ తేదీ ఏడాది-నెల రూపంలో ఒప్పుకుంటుంది, ఎథిక్స్_ఫైల్ గారు చెప్పినదానికి ఇది సరిపోతుంది.

ఎక్కువగా వచ్చే ఎర్రర్: శాంపిళ్లన్నీ ఒకేలా ఉన్నాయని తిప్పి పంపుతుంది. శాంపిల్ పేరు వేరైతే చాలదు, స్ట్రెయిన్ లేదా ఐసొలేట్ కాలమ్‌లో ఒక్కోదానికి వేరు కోడ్ ఉండాలి. రెండోది, ఎస్‌ఆర్‌ఏ షీట్‌లో రాసిన ఫైల్ పేరుకి, ఎక్కించిన ఫైల్ పేరుకి ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది. జంట ఫైళ్లు రెండూ ఒకే వరసలో, పక్కపక్క కాలమ్‌లలో రావాలి.

మూడోది ఎక్సెల్ చేసేది, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఐసొలేట్ కోడ్ 12ఈ4 అని ఇంగ్లీషు అక్షరంతో పెట్టారనుకోండి, ఎక్సెల్ దాన్ని శాస్త్రీయ సంఖ్య అనుకుని 1.20ఈ+05 చేసేస్తుంది. 007 అని పెడితే 7 అవుతుంది. ఫైల్ మూసి తెరిచాక అసలు కోడ్ ఏంటో ఎవరికీ తెలీదు. కోడ్ల కాలమ్‌ని టైప్ చేసే ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి, కోడ్‌లో ఈ అన్న ఇంగ్లీషు అక్షరమే వాడకండి. ఇలాగే తేదీల్లా కనిపించే జన్యువుల పేర్లు ఎక్సెల్‌లో చెడిపోతున్నాయనే 2020లో మానవ జన్యువుల నామకరణ కమిటీ కొన్ని జన్యువుల పేర్లు మార్చింది.

మూత్రం శాంపిల్ నుంచి కల్చర్ చేసిన కాలనీయే అయినా రా రీడ్స్‌లో మనిషి డీఎన్ఏ కొంత ఉండొచ్చు. ఎన్‌సీబీఐ ఇచ్చే హ్యూమన్ రీడ్ రిమూవల్ టూల్‌తో తీసేసి ఎక్కించండి. అసెంబ్లీలు జీన్‌బ్యాంక్‌లో వేస్తుంటే 200 బేస్‌ల కన్నా చిన్న కాంటిగ్‌లు (రీడ్స్ కలిపితే వచ్చే సీక్వెన్స్ ముక్కలు) ముందే తీసేయండి.

ఏఎస్‌టీ ఫలితాలకు బయోశాంపిల్‌లోనే యాంటీబయోగ్రామ్ టేబుల్ ఉంది. ఎంఐసీ (బ్యాక్టీరియాని ఆపే కనీస మందు మోతాదు) 0.25 లేదా అంతకన్నా తక్కువ అయితే గుర్తు ఒక కాలమ్‌లో, సంఖ్య ఇంకో కాలమ్‌లో. రెండూ కలిపి ఒకే గడిలో రాస్తే తీసుకోదు. పరీక్ష పద్ధతి, సీఎల్ఎస్ఐనా యూకాస్టా (అమెరికా, యూరప్ ప్రమాణాలు) అన్నది తప్పనిసరిగా రాయండి. బ్రేక్‌పాయింట్లు (లొంగిందా లేదా అని తేల్చే హద్దులు) ఏడాదికేడాది మారుతుంటాయి, కాబట్టి ఏ ఏడాది ఎడిషనో పేపర్ మెథడ్స్‌లో లేకపోతే మీ రెసిస్టెంట్ శాతాన్ని ఇంకెవరూ పోల్చుకోలేరు. ఒట్టి ఎస్, ఐ, ఆర్ (లొంగింది, మధ్యస్థం, లొంగలేదు) కాకుండా ఎంఐసీ సంఖ్యలు లేదా జోన్ మిల్లీమీటర్లు ఇవ్వండి. బ్రేక్‌పాయింట్ మారినా డేటా బతుకుతుంది.

సీక్వెన్స్ చేయని మిగతా 88 ఐసొలేట్ల టేబుల్‌ని, గుర్తులు తీసేశాక, సీఎస్‌వీగా జెనోడోలో (డేటా దాచే సైట్) పెట్టండి. ఉచితం, ఒక రికార్డుకి 50 జీబీ వరకు. డీఓఐని ముందే రిజర్వ్ చేసుకుని పేపర్‌లో రాసుకోవచ్చు. కాలమ్ పేర్లకి అర్థం చెప్పే రీడ్‌మీ ఫైల్ తప్పనిసరి.

మైక్రో_తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. లైసెన్స్ మిగిలింది. మా కో-ఆథర్ ఒకరు ఎన్‌డీ (మార్చి పంచకూడదన్న లైసెన్స్ షరతు) అయితే మన పేపర్‌ని ఎవరూ చెడగొట్టలేరు అంటున్నారు. ఎన్‌సీబీఐ విడుదల తేదీ ఎప్పుడు పెట్టాలి?

ఎథిక్స్_ఫైల్

ఎన్‌డీ వద్దండి. సీసీ బై-ఎన్‌డీ కింద అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. మీ మేడమ్ కోరినట్టు పీహెచ్‌సీ డాక్టర్ దీన్ని చదివి, ఏఎన్ఎంలకి తెలుగులో నాలుగు పేజీలు చేసి పంచాలన్నా మళ్లీ అనుమతి కావాలి. తప్పుగా వాడేవాళ్లని లైసెన్స్ ఆపలేదు, మంచికి వాడేవాళ్లనే ఆపుతుంది. ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదన్న షరతు) అయితే పరవాలేదు అనుకుంటాను. మందుల కంపెనీ మీ టేబుల్‌ని బ్రోషర్‌లో వేసుకోకుండా ఉంటుంది.

లైబ్రరీ_కౌంటర్

ఎన్‌డీ విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను, ఎన్‌సీ దగ్గర కాదు. ఎన్‌సీ ఉన్న బొమ్మని తెలుగు వికీపీడియాలో పెట్టడానికి ఉండదు, ఫీజు తీసుకునే నర్సింగ్ కాలేజీ పుస్తకంలో వేసుకోవాలన్నా సందేహమే. పేపర్‌కి సీసీ బై (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు), జెనోడో టేబుల్‌కి సీసీ జీరో (ఏ షరతూ లేదు) ఇవ్వండి. పత్రికే బై-ఎన్‌సీ-ఎస్‌ఏ అంటే అది కూడా పనికొస్తుంది, అదే లైసెన్స్ కింద తెలుగు చేసుకోవచ్చు. గ్రీన్ దారిలో వెళ్తుంటే, యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌కి సీసీ బై వర్తిస్తుందన్న వాక్యాన్ని సబ్మిట్ చేసేటప్పుడే కవర్ లెటర్లో, అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో రాయండి. కాపీరైట్ ఫారం వచ్చాక ఆ వాక్యానికి విరుద్ధంగా ఉందేమో చదివాకే సంతకం. రీసెర్చ్‌గేట్‌లో పెట్టడం డిపాజిట్ కింద లెక్కకి రాదు, అది ప్రైవేటు సైట్.

సీక్వెన్స్_ఏర్పేడు

విడుదల తేదీ దూరంగా పెట్టుకున్నా, ఆ నంబరుతో పేపర్ బయటికి రాగానే ఎన్‌సీబీఐ డేటాని తెరిచేస్తుంది, ఏది ముందైతే అది. ప్రీప్రింట్ వేసే వారానికి పెట్టేయండి. పేపర్‌లో రాయాల్సింది పీఆర్‌జేఎన్‌ఏతో మొదలయ్యే బయోప్రాజెక్ట్ నంబరు. ఎస్‌యూబీతో మొదలయ్యేది సబ్మిషన్ నంబరు, మీకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. ప్రూఫ్ వచ్చినప్పుడు ఇంకో బ్రౌజర్‌లో, లాగిన్ లేకుండా, పీఆర్‌జేఎన్‌ఏ నంబరు కొట్టి 24 శాంపిళ్లూ కనిపిస్తున్నాయో లేదో లెక్కపెట్టండి.